బొమ్మకి ఎన్ని మార్కులు

మా ఆయన నా చేతికింద పనిచేసిన వేసవి ఒకటుంది. మాటవరసకి అనడం లేదు, నిజంగానే. జవాబు పత్రాలు దిద్దే క్యాంపులో నేను చీఫ్‌ని, ఆయన నా టేబుల్ దగ్గర ఎగ్జామినర్. ఇద్దరం లెక్కల టీచర్లమే, వేరు వేరు బళ్ళలో. ఉద్యోగంలో నేను ఆయనకంటే ఒక ఏడాది ముందు చేరాను. పెళ్ళయిన కొత్తలో ఎవరైనా ఆ ఏడాది సంగతి ఎత్తితే ఆయన నవ్వి ఊరుకునేవారు. ఆ వేసవి ఆర్డరు కాగితం మీద పైన నా పేరు, కింద తన పేరు చూసుకుని కూడా నవ్వారు గానీ, కాస్త ఆలస్యంగా నవ్వారు.

"ఇందులో కొత్తేముందిరా, ఇంట్లో ఉన్నదే కాగితం మీదికెక్కింది" అంది మా అత్తయ్య, బఠాణీలు ఒలుస్తూ.

"అక్కడ నన్ను మాస్టారూ అని పిలువు. నేను చీఫ్ గారూ అంటాను. హాల్లో మొగుడూ పెళ్ళాం ఉండకూడదు" అన్నారు ఆయన నాతో.

"ఇంట్లో కూడా అలాగే పిలవండి, విని తరిస్తాను" అన్నాను.

మా దగ్గర చదువుల పద్ధతి ఎలాంటిదంటే, బడి చదువు ముగిశాక దేశంలోని పిల్లలంతా ఒకే రోజు ఒకే పేపరు రాస్తారు. ఆ పేపర్ల మీద పేర్లు తీసేసి, నంబర్లు అంటించి, ఒక చోటివి ఇంకో చోటికి పంపుతారు. మా పిల్లలవి ఎక్కడికో పోతాయి, ఎక్కడివో మా దగ్గరికొస్తాయి. అందుకే సొంత పిల్లలు అదే పరీక్ష రాసినా టీచర్లు దిద్దొచ్చని అప్పట్లో రూలు. లెక్కల్లో నూటికి ఎనభై వస్తే పై బడిలో లెక్కల క్లాసులో సీటు, అక్కణ్ణుంచి యూనివర్సిటీకి దారి. డెబ్బై తొమ్మిది వచ్చిందా, నెత్తీ నోరూ కొట్టుకున్నా ఆ గుమ్మం తెరవరు. వేరే గుమ్మాలు చూపిస్తారు. అవీ మంచివే కావచ్చు, కానీ ఒకసారి అటు వెళ్ళిన పిల్ల మళ్ళీ ఇటు రావడం నేను నా సర్వీసులో చూడలేదు. పదహారేళ్ళ పిల్లల్ని ఒక్క అంకె పట్టుకుని ఇటో అటో తోసేస్తాం. ఆ తోసేవాళ్ళలో నేనూ ఒకదాన్ని.

ఆ ఏడాది మా అమ్మాయి కూడా ఆ పరీక్ష రాసింది. పొద్దస్తమానం కిచకిచలాడుతూ ఉంటుందని దాన్ని పిచ్చుక అని పిలుస్తాం. దానికి లెక్కలంటే ప్రాణం. మేమిద్దరం లెక్కల టీచర్లమైనందుకు అసహ్యించుకోవాల్సింది, ఎందుకో మరి ప్రాణం. లెక్కల క్లాసు తప్ప వేరే మాటే ఎత్తేది కాదు. అలాంటిది లెక్కల పరీక్ష రాసి వచ్చిన రోజు కిక్కురుమనలేదు. నేను డాబా మీద బట్టలు ఆరేస్తుంటే వెనకాలే వచ్చి, తడి దుప్పటి అవతల నిలబడి చెప్పింది, నా మొహం చూడకుండా.

"బేసి సంఖ్యల ప్రశ్నకి సూత్రం గుర్తు రాలేదమ్మా. అందరికీ వచ్చే సూత్రం. నాన్న నిద్రలో లేపి అడిగినా చెప్పేదాన్ని. అక్కడ కూర్చునేసరికి తుడిచేసినట్టు పోయింది."

"వదిలేశావా?"

"లేదు. బొమ్మ గీశాను."

ఆ ప్రశ్న ఏమిటంటే, ఒకటి, మూడు, అయిదు, అలా తొంభై తొమ్మిది దాకా ఉన్న బేసి సంఖ్యలన్నీ కూడితే ఎంత, చేసిన విధానం చూపండి అని. నాలుగు మార్కులు. పిచ్చుక ఒక చుక్క పెట్టింది. దాని పక్కనా కిందా మూలమట్టంలా మూడు చుక్కలు చేరిస్తే రెండు వరసల చదరం అయింది. దాని చుట్టూ అయిదు చేరిస్తే మూడు వరసల చదరం, ఏడు చేరిస్తే నాలుగు వరసల చదరం. ప్రతిసారీ అంచుకి ముందటికంటే రెండు చుక్కలు ఎక్కువ పడతాయి, అంటే తర్వాతి బేసి సంఖ్య పడుతుంది, కాబట్టి యాభై బేసి సంఖ్యలు కలిపితే యాభై వరసల చదరం, రెండు వేల అయిదు వందలు అని కింద రాసింది. జవాబు కరెక్టు.

ఇద్దరం మెట్ల మీద కూర్చుని మిగతా పేపరంతా లెక్కేశాం. ఎంత సాగదీసినా డెబ్బై ఏడు దాటదు. అంటే ఆ బొమ్మకి మూడు వస్తే దాని కోరిక తీరినట్టు, రెండు వస్తే లేనట్టు.

"నాన్నకి చెప్పకమ్మా" అంది. "సూత్రం మర్చిపోయానంటే ఆయనకి మొహం చెల్లదు."

చెప్పనన్నాను.

మా ఆయన గురించి ఒక మాట చెప్పాలి. టీచర్లలో ఆయనకి అర మార్కు మాస్టారని పేరు. ఎప్పుడో ఒక క్యాంపులో అర మార్కు కోసం ఒక పూటంతా వాదించారట. పిసినారి అనుకుంటారు అందరూ. కాదు. దిద్దడానికి కూర్చునేముందు ఆకలున్నా లేకపోయినా తినేసి కూర్చుంటారు, ఆకలి మార్కుల్లో కనపడకూడదని. కట్టలో మొదటి పిల్లకీ ఆఖరి పిల్లకీ ఒకే కొలత ఉండాలని ఆయన పట్టుదల. తనకి నచ్చిందని ఒకరికి ఎక్కువ వేస్తే, ఆ ఎక్కువ ఇంకెవరి సీటులోంచో పోతుందని అంటారు. ఇంత మొండి మనిషితో ఇన్నేళ్ళు ఎలా వేగానా అని నాకు అప్పుడప్పుడూ ఆశ్చర్యం వేస్తుంది, కానీ ఆ మాట తప్పని మాత్రం ఎప్పుడూ అనలేకపోయాను.

క్యాంపు ఒక పెద్ద బడి హాల్లో. పైన ఫ్యాన్లు తిరుగుతుంటే కాగితాలు ఎగరకుండా ప్రతివాళ్ళూ ఏదో ఒక బరువు పెట్టుకునేవాళ్ళు, ఒకరు తాళంకప్ప, ఒకరు కళ్ళజోడు డబ్బా. టేబుల్‌కి ఆరుగురు ఎగ్జామినర్లు, ఒక చీఫ్. ఎగ్జామినర్లది ఎర్ర సిరా, చీఫ్‌ది ఆకుపచ్చ సిరా. వాళ్ళు దిద్దిన ప్రతి కట్టలోంచీ కొన్ని తీసి నేను మళ్ళీ చూడాలి. తేడా వస్తే ఆకుపచ్చదే చెల్లుతుంది.

పక్క టేబుల్‌లో ఒకావిడ ఉండేది, ఎక్కడికెళ్ళినా చంకలో ఫ్లాస్కు. అందరం ఫ్లాస్కు మేడం అనేవాళ్ళం. "ఏం మాస్టారూ, చీఫ్ గారు పొద్దున కాఫీ ఇచ్చారా, లేక దానికీ అప్లికేషన్ పెట్టుకోవాలా?" అని మా ఆయన్ని ఆటపట్టించేది. ఆయన తలెత్తకుండా "కాఫీ సంగతి హాలు బయట అడగండి మేడం" అనేవారు.

మొదట్లో అంతా సాఫీగానే సాగింది. ఒకరోజు మధ్యాహ్నం ఆయన కట్టలోంచి ఒక పేపరు తీశాను. పేజీ తిప్పాను. చుక్కలు. చదరం చుట్టూ చదరం. రాత మా పిచ్చుకది కాదు, ఏ ఊరి పిల్లదో, గుండ్రంగా ముత్యాల్లా ఉంది. కింద అదే మాట, ప్రతిసారీ రెండు చుక్కలు ఎక్కువ కావాలని. జవాబు కరెక్టు. పక్కన ఎర్ర సిరాతో ఒకటి.

పిచ్చుక గుర్తొచ్చిందా అంటే, వచ్చింది. రాకుండా ఎలా ఉంటుంది, రాయినా నేను! కానీ ఆ పేజీని నేను రెండుసార్లు చదివాను, లెక్కల టీచరుగానే చదివాను. నాలుగు వేశాను, ఆకుపచ్చగా. పేపరు ఆయనకి తిరిగిచ్చాను.

ఆయన చూశారు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశారు.

"చీఫ్ గారూ, బోర్డు పంపిన జవాబుల కీలో సూత్రానికి ఒకటి, అంకెలు వేసినందుకు ఒకటి, లెక్క చేసినందుకు ఒకటి, జవాబుకి ఒకటి. ఇక్కడ జవాబు తప్ప ఏదీ లేదు."

"విధానం చూపమన్నారు మాస్టారూ. సూత్రం రాయమనలేదు. విధానం కళ్ళకి కట్టినట్టు చూపించింది."

"మూడు చదరాలు గీసింది. యాభయ్యోది కూడా ఇలాగే వస్తుందని ఏమిటి రుజువు?"

"కింద రాసింది చదవండి. ఎందుకొస్తుందో చెప్పింది. సూత్రం బట్టీపట్టి రాసినవాళ్ళు ఆ మాత్రం కూడా చెప్పలేదు, వాళ్ళకి నాలుగు వేశారుగా మీరు."

"వేశాను. కీలో ఉంది కాబట్టి." ఆయన గొంతు పెరగలేదు, ఎప్పుడూ పెరగదు, అదే నాకు ఒళ్ళు మండే సంగతి. "మీరిక్కడ నాలుగు వేస్తారు. ఇంకో ఊళ్ళో ఇంకో టేబుల్ దగ్గర ఇదే బొమ్మకి ఒకటి వేస్తారు. ఆ పిల్ల ఏం పాపం చేసింది?"

ఆ మాట నాకు ఎక్కడ గుచ్చుకోవాలో అక్కడే గుచ్చుకుంది. ఆ ఇంకో ఊరి ఇంకో టేబుల్ మీద ఎవరి పేపరుందో నాకు తెలుసు, ఆయనకి తెలీదు.

"నా నిర్ణయం నాలుగు" అన్నాను.

ఆయన లేచి, ఒక తెల్లకాగితం తీసుకుని, అభ్యంతరం రాసి, నేరుగా క్యాంపు ఆఫీసరు దగ్గరికి వెళ్ళి ఇచ్చారు. మొగుడు పెళ్ళాం మీద కంప్లయింట్ పెట్టాడని హాలంతా చెవులు కొరుక్కుంది. క్యాంపు ఆఫీసరు ఒక హెడ్మాస్టరు, రిటైర్మెంటు దగ్గర పడిన సాధువు. కాగితం చదివి, నన్నొకసారి, ఆయన్నొకసారి చూసి, "బాబూ, ఇది మీరు ఇంటికెళ్ళి తేల్చుకోకూడదా?" అన్నాడు.

"ఇది ఇంటి సంగతి కాదు సార్" అన్నారు మా ఆయన.

పాపం ఆ హెడ్మాస్టరు మాత్రం ఏం చేస్తాడు, పరీక్షల బోర్డుకి ఫోన్ చేశాడు. అన్ని కేంద్రాల్లోనూ ఒకే కొలత ఉండేలా ఆలోచించి చెప్తాం, అందాకా ఆ ప్రశ్న పక్కన పెట్టండి అన్నారు అటునుంచి.

ఆ సాయంత్రం బస్సులో ఇద్దరం పక్కపక్కనే కూర్చున్నాం, ఒక్క మాట లేదు. ఇంట్లోనూ అంతే. హాల్లో జరిగింది బయట మాట్లాడకూడదు, అది రూలు. ఆ రూలు లేకపోయినా మాట్లాడేదాన్ని కాదు, అంత మండుతోంది నాకు. భోజనాల దగ్గర అత్తయ్య ఆయన మొహమూ నా మొహమూ చూసి, "ఏమర్రా, పిల్లల పేపర్లు దిద్దుతున్నారా, ఒకళ్ళనొకళ్ళు దిద్దుకుంటున్నారా?" అంది.

పిచ్చుక కంచంలో వేళ్ళు ఆడిస్తూ మా ఇద్దర్నీ చూస్తోంది. ఉన్నట్టుండి దాని కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"అమ్మ చెప్పేసిందా నాన్నా?" అంది.

నేను గరిటె కింద పెట్టాను.

"ఏం చెప్పేసింది?" అన్నారాయన.

"సూత్రం మర్చిపోయానని. బేసి సంఖ్యల దానికి. అందుకేగా నాతో మాట్లాడట్లేదు? కావాలని మర్చిపోలేదు నాన్నా. గుర్తు రాలేదు, ఏం చెయ్యను. బొమ్మ గీసి చేశాను. చుక్కలు పెట్టి..."

ఆయన గ్లాసు అందుకున్నారు. మంచినీళ్ళు తాగారు.

"ఎన్ని చదరాలు గీశావు?"

"నాలుగు."

"కింద ఏమన్నా రాశావా?"

"రాశాను. ప్రతిసారీ రెండు చుక్కలు ఎందుకు పెరుగుతాయో. మిగతాదంతా డెబ్బై ఏడు దాటదు నాన్నా, దీనికి మూడొస్తేనే సీటు."

"ఊఁ" అన్నారు. "తిను. చల్లారిపోతోంది."

ఆయన కూడా కంచంలోది మొత్తం తిన్నారు. చేయి కడుక్కుని బయట మెట్ల మీద కూర్చున్నారు. నేను గిన్నెలు సర్ది వెళ్ళేసరికి ఇంకా అక్కడే ఉన్నారు.

"నీకు ముందే తెలుసు" అన్నారు.

"తెలుసు."

"తెలిసి నాలుగు వేశావు."

"తప్పు వేశానా? పేపరు చూసి చెప్పండి. తప్పు వేశానా?"

"నేనడిగింది అది కాదు."

"నేనడుగుతున్నది అదే!"

ఆయన లేచి వెళ్ళి పడుకున్నారు. మర్నాడు పొద్దున నాకంటే ముందు తయారై కూర్చున్నారు. బస్సు దిగాక, హాలు గేటు దగ్గర ఆగి, "నేను క్యాంపు ఆఫీసరుకి చెప్పేస్తాను. నీకు ముందు చెప్పకుండా చెప్పడం బాగుండదని చెప్తున్నా" అన్నారు.

"ఏమని?"

"మన అమ్మాయి ఈ పరీక్షే రాసిందని వాళ్ళకి తెలుసు. ఇదే ప్రశ్నకి ఇదే బొమ్మ గీసిందని తెలీదు. తెలిశాక దాచకూడదు. ఈ ప్రశ్న మీద నీ మాటా పనికిరాదు, నా మాటా పనికిరాదు."

"మీరు ఒకటి వేశారు కదా, మీ మాటకేమొచ్చింది?"

"నిన్న వేశాను. ఇవాళ వేయమంటే చేయి ఎటు పోతుందో నాకు తెలీదు" అన్నారు. అని లోపలికి వెళ్ళిపోయారు.

ఫలితం ఏమిటంటే, నా చీఫ్ కుర్చీ పోయింది. కుర్చీలో ఫ్లాస్కు మేడం కూర్చుంది, ఆకుపచ్చ పెన్ను నా చేతుల్లోంచి తీసుకుంటూ "ఏమీ అనుకోకండి" అంది. అనుకోకుండా ఎలా ఉంటాను! తల కొట్టేసినట్టయింది. మమ్మల్నిద్దర్నీ దిద్దే పని నుంచి తప్పించి, హాలు చివర ఒక బల్ల దగ్గర మార్కులు కూడే పనికి వేశారు. ఒకరు కూడితే రెండోవారు సరిచూడాలి. చిన్నపిల్లలకిచ్చే పని. ఇన్నేళ్ళ సర్వీసు చేసి, ఇద్దరం ఒకే బల్ల మీద మోచేతులు తగులుతుంటే కూడికలు చేస్తూ కూర్చున్నాం. ఆయన "ముప్ఫై నాలుగు, చేతిలో..." అంటుంటే నాకు చేతిలో పెన్నుతో ఆయన్నే పొడవాలనిపించింది.

బోర్డు నుంచి కబురు వచ్చింది. బొమ్మ గీసి కారణం రాసినవాళ్ళకి రెండు మార్కులు, అన్ని కేంద్రాల్లోనూ. నాలుగూ కాదు, ఒకటీ కాదు, రెండు. ఎవరికీ కోపం రాకుండా మధ్యకి కోసేశారు. డెబ్బై ఏడుకి రెండు కలిపితే ఎంతో మా ఇద్దరికీ తెలుసు. ఆయన వైపు చూశాను. ఆయన చేతిలో పేపరు వైపే చూస్తున్నారు.

హమ్మయ్య తేలిపోయిందని అందరూ పనిలో పడబోతుంటే, మా ఆయన లేచి నిలబడ్డారు.

"సార్, ముందే దిద్ది సీలు వేసిన కట్టల సంగతి? వాటిల్లో బొమ్మ గీసినవాళ్ళకి ఎవరు ఎంత వేశారో? అవి కూడా తెరవాలి కదా."

హాలంతా ఒక్కసారి ఉసూరుమంది. "మాస్టారూ, మీకు దణ్ణం పెడతాం కూర్చోండి" అని ఎవరో అరిచారు కూడా. క్యాంపు ఆఫీసరు నెత్తిన చేయి పెట్టుకున్నాడు. కానీ కాదనలేకపోయాడు. సీళ్ళు పగిలాయి. కట్టలన్నీ మళ్ళీ తెరిచారు. ఒకటి వచ్చినవాళ్ళకి రెండయింది, సున్నా వచ్చినవాళ్ళకి రెండయింది, అలాంటి వాళ్ళే ఎక్కువ. నేను నాలుగు వేసిన ఆ ముత్యాల రాత పిల్ల ఒక్కతికే తగ్గింది. ఆ పేపరు కూడడానికి మా బల్ల మీదికే వచ్చింది. ఆకుపచ్చ నాలుగు కొట్టేసి, పక్కన ఆకుపచ్చగానే రెండు. నాకు ఏడుపొచ్చింది, అక్కడే, అందరి ముందూ. ఆయన పేపరు నా ముందునుంచి మెల్లగా లాక్కుని తనే కూడారు.

క్యాంపు అయిపోయింది. ఇంట్లో ఎండ, ఉక్కపోత, మౌనం. పిచ్చుకకి రెండు మార్కుల సంగతి చెప్పకూడదు, మేం చెప్పలేదు. అది ఆశగా రోజూ లెక్కలు వేసుకునేది, నానమ్మ పక్కన పడుకుని "మూడొస్తే చాలు నానమ్మా" అనేది. ఆవిడ "మూడేమిటే, ముప్ఫై వేస్తారు" అనేది. నేను లేచి వంటింట్లోకి వెళ్ళిపోయేదాన్ని. ఒక రోజు ఆయన వేరే క్లాసుల వివరాలు కనుక్కుని వచ్చారు, గణాంకాలు కొంచెం ఉండే క్లాసు ఒకటి ఉందిట, అదీ బాగుంటుందిట. బాగుంటుందని ఆయనే మూడుసార్లు అన్నారు, ఎవరూ అడగకుండానే.

రిజల్టు వచ్చిన పొద్దున పిచ్చుక కంప్యూటరు సెంటరుకి పరుగెత్తింది. గుమ్మంలో నిలబడి చూస్తున్నాను. వీధి మలుపులోనే దాని కేక వినపడింది. ఏడుపో నవ్వో తెలీలేదు. దగ్గరికొచ్చాక తెలిసింది.

"ఎనభై ఒకటి! అమ్మా, ఎనభై ఒకటి!"

అత్తయ్య దాన్ని ఒళ్ళోకి లాక్కుని ముద్దులు పెట్టేసింది. నేను అక్కడే గడప మీద కూలబడి నవ్వుతూ ఏడుస్తూ ఉన్నాను. ఆయన దాని తల మీద చేయి వేసి, "మంచిదమ్మా, మంచిది" అన్నారు. తర్వాత ఆయన మొహం మారడం నేను చూశాను. నేనొక్కదాన్నే చూశాను, నేను కూడా అదే లెక్క వేస్తున్నాను కాబట్టి. మిగతాది డెబ్బై ఏడు దాటదు. బొమ్మకి రెండే వేయాలి. మరి ఎనభై ఒకటి ఎలా వచ్చింది?

ఎక్కడో ఎవరో, బోర్డు మాట విని కూడా, ఆ బొమ్మ చూసి నాలుగు వేసి ఉండాలి. లేదా మేం తప్పనుకున్న ఇంకేదో లెక్కకి మార్కులు పడి ఉండాలి. ఏదైనా కావచ్చు. కానీ నా మనసు మొదటిదాన్నే పట్టుకుంది. నాలాంటి పిచ్చిది ఇంకోటి ఎక్కడో ఉందని, ఆవిడ చేతిలోంచి ఆకుపచ్చ పెన్ను ఎవరూ లాక్కోలేదని అనుకుంటే నాకు ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

మధ్యాహ్నం పిచ్చుక తనే అంది. "అప్లికేషన్ పెడితే పేపరు కాపీ పంపిస్తారటగా. నా బొమ్మకి ఎన్ని వేశారో చూడాలనుంది నాన్నా."

"నాకూ చూడాలనుంది" అన్నాను నేను, ఆయన వైపు తిరిగి. రెండు నెలల ఉక్రోషమంతా ఆ మాటలో ఉంది. "పెట్టు. ఇవాళే పెట్టు."

ఆయన కిటికీ దగ్గర నిలబడి ఉన్నారు. "వద్దు" అన్నారు.

"అదేంటి నాన్నా? నువ్వేగా ఎప్పుడూ అంటావు, మార్కు ఎక్కడిదో తెలియాలని?"

"అంటాను."

"మరి?"

ఆయన వచ్చి దాని ఎదురుగా నేల మీద కూర్చున్నారు.

"తెలిస్తే నేను ఊరుకోలేనమ్మా. నా సంగతి నీకు తెలుసు కదా. అందుకని నాకు తెలియనివ్వొద్దు."

పిచ్చుకకి బోర్డు ఎన్ని వేయమందో తెలీదు. ఏం అర్థమైందో ఏమో, ఆయన మొహాన్ని అలా చూస్తూ ఉండిపోయింది. ఇన్నేళ్ళ కాపురంలో ఆ మనిషి ఒకరిని బతిమాలడం నేను చూడలేదు.

"సరే నాన్నా" అంది అది.

కాపీలకి అప్లికేషన్లు పెట్టే గడువు ఉండేది. నాకు పెట్టాలని చేతులు దురదపెట్టని రోజు లేదు. ఆయన ఏమీ అడిగేవారు కాదు, కానీ నేను బయటికెళ్ళి వచ్చినప్పుడల్లా నా చేతుల వైపు చూసేవారు. ఆ చూపుకి నా కోపం కొంచెం కొంచెంగా చచ్చిపోయింది. నేను పెట్టలేదు. పిచ్చుకకి లెక్కల క్లాసులో సీటొచ్చింది. బళ్ళు తెరిచారు.

గడువు దాటిన సాయంత్రం ఆయన బడి నుంచి వచ్చి, చెప్పులు విడిచి, కుర్చీలో కూర్చున్నారు.

"వచ్చే ఏడాది నుంచి నన్ను దిద్దడానికి పిలవొద్దని బోర్డుకి రాసిచ్చి వచ్చాను" అన్నారు.

నాకు అర్థం కాలేదు. దిద్దడమంటే ఆయనకి పండగ. ఆ వేసవి కోసం ఏడాదంతా ఎదురుచూసే మనిషి.

"అదేంటండీ, ఎందుకు? మిమ్మల్ని ఎవరేమన్నారు?"

"ఎవరూ ఏమీ అనలేదు. ఒక పిల్ల పేపరు చూడకుండా వదిలేశాను కదా. ఇంక మిగతా పిల్లల దగ్గర అర మార్కు ఎలా కొయ్యను?"

వెళ్ళి ఆయన కుర్చీ పక్కన నేల మీద కూర్చున్నాను. లోపల పిచ్చుక కొత్త పుస్తకాలకి అట్టలు వేసుకుంటూ నానమ్మతో ఏదో చెప్పి నవ్వుతోంది.